వైద్యసేవకీ దొరల పాలనకీ ఉన్న చుట్టరికం

ప్రశ్న: నేను విశాఖపట్నం కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆస్పత్రిలో, హౌస్ సర్జన్‌ని. పీజీకి ముందు రెండేళ్ళు ఏదైనా అంతర్జాతీయ వైద్యసేవా సంస్థలో చేరి ఆఫ్రికా వెళ్ళాలని ఉంది. మా రూమ్మేటేమో "అదంతా వలసపాలన తోక, తెల్లవాళ్ళు చేసుకుంటున్న పాపపరిహారం" అని కొట్టిపారేస్తున్నాడు. ఆ లెక్కన కేజీహెచ్ కూడా వాళ్ళ హయాంలో కట్టిందే, మన చదువు కూడా తప్పేనా అని నేను వాదించాను. ఈ రెండింటికీ నిజంగా సంబంధం ఉందా, ఊరికే ఫ్యాషన్ కోసం అంటున్నారా?

జవాబు:

సంబంధం ఉంది బాబూ, దగ్గర చుట్టరికమే. కాకపోతే మీ రూమ్మేట్ చేసినట్టు ఒక్క మాటలో కొట్టిపారెయ్యడం కుదరదు. మన కాలేజీవాడివే కనక 'నువ్వు' అనేస్తున్నాను, ఏమనుకోకు. ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివాక మన్యం పీహెచ్‌సీల్లో పదకొండేళ్ళు చేశాను. తర్వాత రెండేళ్ళు నువ్వు వెళ్దామనుకుంటున్నలాంటి సంస్థలోనే ఆఫ్రికాలో ఉన్నాను. తిరిగొచ్చి సముద్రం ఒడ్డున బోదకాలు సర్వేల్లో పడ్డాను. ఇప్పుడు లాసన్స్ బే కాలనీలో మోకాళ్ళనొప్పులతో కూర్చున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

రెడ్‌క్రాస్‌తో మొదలెడతాను, ఎందుకంటే మనకి స్కూల్లో చెప్పిన కథలో ఒక ముక్క ఎగిరిపోయింది. 1859 జూన్ 24న ఇటలీలో సోల్ఫెరినో యుద్ధం జరిగింది. జెనీవాకి చెందిన హెన్రీ డ్యూనాంట్ అనే వ్యాపారి అక్కడ దిక్కులేకుండా పడి ఉన్న క్షతగాత్రుల్ని చూసి తల్లడిల్లిపోయాడు. పక్క ఊరి ఆడవాళ్ళని కూడగట్టి, ఏ పక్షంవాడని చూడకుండా కట్లు కట్టించాడు, నీళ్ళు తాగించాడు. ఆయన చేసిన ఆలోచనలోంచే 1863లో రెడ్‌క్రాస్ పుట్టింది. ఇదంతా నిజమే. మరి జెనీవా షావుకారుకి ఇటలీ యుద్ధం దగ్గర ఏం పని? ఆయనకి అల్జీరియాలో పిండిమిల్లు వ్యాపారం ఉంది. అల్జీరియా అప్పటికి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. మిల్లుకి కావలసిన భూమి, నీళ్ళ హక్కు అక్కడి అధికారులు ఎంతకీ తేల్చలేదు. ఇక నేరుగా చక్రవర్తి మూడో నెపోలియన్‌నే పట్టుకుందామని, అర్జీ రాసుకుని ఆయన సైన్యం ఎక్కడుంటే అక్కడికి బయల్దేరాడు. అదీ ఆ దారిన రావడానికి కారణం. 1867లో ఆయన దివాలా తీశాడు. రెడ్‌క్రాస్ నిలబడింది.

ఈ కథ ఆయన్ని చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. గాయపడినవాణ్ణి చూసి కన్నీళ్ళు పెట్టుకున్నది ఆ మనిషే, ఇంకొకరి దేశంలో నీళ్ళ హక్కు అడగడానికి వచ్చిందీ ఆ మనిషే. రెండో పనిలో తప్పుందని ఆయనకి తట్టి ఉండదు. రెడ్‌క్రాస్ కమిటీకి 1910లో చనిపోయేదాకా అధ్యక్షుడుగా ఉన్న గుస్తావ్ మొయినియే సంగతి ఇంకా చిత్రం. 1890లో ఆయన స్విట్జర్లాండ్‌లో కాంగో ఫ్రీ స్టేట్‌కి కాన్సల్ జనరల్ అయ్యాడు. కాంగో ఫ్రీ స్టేట్ అంటే బెల్జియం రాజు లియొపోల్డ్ సొంత జమీ. రబ్బరు తక్కువ తెస్తే చేతులు నరికిన చోటు. బానిస వ్యాపారం మానిపించి నాగరికత నేర్పుతామని చెప్పే లియొపోల్డ్ ఆ దేశాన్ని తీసుకున్నాడు. మొయినియే ఆ మాట నమ్మాడు. మంచివాడు కాబట్టే నమ్మాడేమో అనిపిస్తుంది నాకు.

ఇక మందుల సంగతి. మలేరియాని ఆపే దారి తెలియనన్నాళ్ళు పశ్చిమ ఆఫ్రికా లోపలికి పోయిన తెల్లవాడు తిరిగొస్తే గొప్ప. 1854లో బైకీ అనే నౌకాదళ డాక్టరు నైజర్ నది మీద ఓడ తీసుకెళ్ళి, అందరి చేతా రోజూ క్వినైన్ మింగించి, జ్వరానికి ఒక్కర్ని కూడా పోగొట్టుకోకుండా తిరిగొచ్చాడు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి యూరప్ రాజ్యాలు బెర్లిన్‌లో కూర్చుని ఆఫ్రికాని పంచుకోవడానికి నియమాలు రాసుకున్నాయి. ఆ క్వినైన్ తీసే సింకోనా చెట్టుని దక్షిణ అమెరికా కొండల నుంచి తెచ్చి మన నీలగిరుల్లో నాటారు. 1898లో లివర్‌పూల్‌లో ట్రాపికల్ మెడిసిన్, అంటే ఉష్ణమండల జబ్బుల వైద్యం, నేర్పే స్కూలు పెట్టడానికి డబ్బు పెట్టింది ఓడల వ్యాపారులు. మరుసటేడు లండన్‌లో పెట్టినది పాట్రిక్ మాన్సన్. ఆయన వలసల మంత్రిత్వశాఖకి వైద్య సలహాదారు. మలేరియా దోమల వల్లే వస్తుందని రుజువు చెయ్యడానికి రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, దోమకి అణా చొప్పున ఇచ్చాడు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. 'ట్రాపికల్' అనే మాట నేను ఫైనలియర్‌లో ఉండగా మొదటిసారి గుచ్చుకుంది. లండన్ నుంచి చూస్తే అది ట్రాపిక్స్. మనకైతే అది అనకాపల్లి.

సరే, అక్కడిదాకా ఎవరైనా చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ధాత కరువు. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాష్ట్రాన్ని, అందులోనూ బళ్ళారి, కర్నూలు, కడప సీమల్ని ఊడ్చేసిన కరువు. వైస్రాయి లిట్టన్ తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి వచ్చాడు. అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో ఇదే టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. బతికించినందుకు మెప్పు రాలేదు, డబ్బు తగలేశావని చీవాట్లు వచ్చాయి. ఆ దెబ్బ గుర్తుంది కాబట్టి మద్రాసులో పిసినారి అయ్యాడు. సహాయ పనుల్లో రాళ్ళు కొట్టే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా అని తేల్చాడు. పౌనంటే మన లెక్కలో 450 గ్రాములు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా సుత్తి పట్టుకున్న మనిషికి అది.

దాన్ని సర్కారు లోపల నుంచే ఎదిరించినవాడు ఒకడున్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. సైన్యంలోంచి వచ్చిన దొర. పని చేసే శరీరానికి ఎంత తిండి కావాలో లెక్కకట్టి, ఈ కూలితో మనుషులు నిలువునా కరిగిపోతున్నారని సర్కారుకి రాతపూర్వకంగా చెప్పాడు, పదేపదే చెప్పాడు. కొన్ని నెలలకి కూలి కొంత పెరిగింది. అప్పటికే పోయినవాళ్ళు పోయారు. మొత్తం మీద చనిపోయింది యాభై లక్షల పైమాటే అంటారు. మీ రూమ్మేట్‌కి ఈ కార్నిష్ గురించి చెప్పు. దొరల పాలనలో డాక్టరు అంటే పాలన చేతిలో పనిముట్టు ఒక్కటే అనుకుంటే కార్నిష్ లెక్కకి అందడు. అలాగని ఆయన రాజ్యాన్ని వద్దనలేదు. రాజ్యం లోపల కూర్చుని ఇంకొంచెం ఎక్కువ పెట్టండి అని పోట్లాడాడు. నువ్వు చేరబోయే సంస్థలో కూడా నీకు మిగిలేది ముప్పాతిక వంతు ఇలాంటి పోట్లాటే.

పూనా ప్లేగు కథ నీకు తెలిసే ఉంటుంది, త్వరగా దాటేస్తాను. 1897లో సైనికులు ఇళ్ళలోకి, దేవుడి గదుల్లోకి చొరబడి వెతికారు, ఆడవాళ్ళని వీధిలోకి తెచ్చి పరీక్షించారు. ఆ జూన్‌లో ప్లేగు కమిషనర్ రాండ్‌ని చాపేకర్ సోదరులు కాల్చారు. ఆ ఏడాది తెచ్చిన అంటువ్యాధుల చట్టమే 2020లో మనకి కరోనా వచ్చినప్పుడు బీరువాలోంచి బయటికి తీశారు. అందులో ప్రభుత్వం ఏం చెయ్యవచ్చో ఉంది. రోగికి ఏం హక్కులున్నాయో వెతుక్కో.

ఇప్పుడు నీ కేజీహెచ్ వాదన. నువ్వు కేజీహెచ్ డౌన్‌లో టీ తాగుతూ ఐదో జార్జి పేరు చూసి దొరలు కట్టించారు అనుకుంటున్నావు. ఆస్పత్రి, కాలేజీ రెండూ 1923లో మొదలయ్యాయి. 1919 భారత ప్రభుత్వ చట్టం వచ్చాక ఆరోగ్య శాఖ భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. అప్పుడు మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వం, ముఖ్యమంత్రి పానగల్ రాజా. డబ్బు మన రైతుల శిస్తు. కాబట్టి దానం కాదు, మన సొమ్మే. అయితే అదే రోజుల్లో పైన కొండల్లో ఏం జరుగుతోందో కూడా పక్కన పెట్టి చూడాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు కోసం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత వెట్టి చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషన్ మీద పడ్డాడు, 1924 మే దాకా పితూరీ నడిచింది. ఒడ్డున ఆస్పత్రి తలుపులు తెరుచుకుంటుంటే మన్యంలోకి మలబార్ పోలీసులు, తర్వాత అస్సాం రైఫిల్స్ ఎక్కారు. ఒకే జిల్లా, ఒకే ప్రభుత్వం.

ఇక్కడి ఆడవాళ్ళ ఆస్పత్రి, ఘోషాసుపత్రి కూడా అంతే. విశాఖ పాతబస్తీ వాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు, బోర్డు మీద విక్టోరియా అని ఉన్నా. ఆడవాళ్ళకి ఆడడాక్టర్ల చేత వైద్యం అందించాలని 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేర ఫండ్ మొదలైంది. పరదా వెనక మగ్గిపోతున్న ఆడవాళ్ళని రాణిగారు కాపాడుతున్నారు అన్న మాట లండన్‌లో బాగా అమ్ముడుపోయింది. చందాలు మాత్రం చాలావరకు మన రాజులు, జమీందార్లు ఇచ్చారు. ఎవరి కథ ఎలా ఉన్నా, ఆ తరహా ఆస్పత్రుల్లో పురుడు పోసుకుని బతికిన ఆడవాళ్ళు వేలమంది. మా అమ్మమ్మ ఒకర్తి. అందుకే నేను ఈ వాదనలో గొంతు పెంచలేను.

ఇక నువ్వు వెళ్దామనుకుంటున్న ఆఫ్రికా. నేను పనిచేసింది మధ్య ఆఫ్రికాలో, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న దేశంలో. అతినిద్ర జబ్బు సర్వే. ఒక రకం ఈగ కుట్టడం వల్ల వచ్చే జబ్బు అది. మెడ వెనక బిళ్ళలు తడిమి చూడటం, వేలు గుచ్చి రక్తం తియ్యడం, అనుమానం ఉంటే వెన్నులో సూది. నాలుగో రోజు ఒక ముసలాయన వరసలో నిలబడ్డాడు కానీ చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నాడు. రక్తం ఇవ్వనన్నాడు. దుబాసీని అడిగితే, వాళ్ళ నాన్నకి చూపు పోయింది సూదిమందుతోనే అంటున్నాడు అని చెప్పాడు. ముసలాడి చాదస్తం అనుకున్నాను. ఆ రాత్రి గుడారంలో కూర్చుని చదువుకుంటే తెలిసింది, చాదస్తం నాది.

ఫ్రెంచి సైనిక డాక్టరు యూజెన్ జామో కామెరూన్‌లో అతినిద్ర జబ్బు మీద పెద్ద యుద్ధమే చేశాడు. రోగి వచ్చేదాకా ఆస్పత్రిలో కూర్చోకుండా, బృందాల్ని ఊరూరా తిప్పి, ఊరందర్నీ ఒక్కచోట చేర్చి పరీక్షించడం ఆయన పద్ధతి. మనం ఇప్పటికీ వాడుతున్న మొబైల్ టీమ్ అనే ఆలోచనకి ఆయన పెద్దన్న. లక్షలమందిని చూశారు, జబ్బు బాగా తగ్గింది కూడా. కానీ జనాన్ని చేర్చింది బతిమాలి కాదు, సైనికుల్నీ ఊరిపెద్దల్నీ పెట్టి. మందు ట్రిపార్సమైడ్, ఆర్సెనిక్ కలిసినది, మోతాదు మించితే కంటినరం దెబ్బతింటుంది. బాఫియా అనే చోట ఆయన కింద పనిచేసే డాక్టరు తొందరగా నయమవుతుందని మోతాదు రెట్టింపు చేశాడు. దాదాపు ఏడువందల మంది గుడ్డివాళ్ళయ్యారు. వాళ్ళకి రెండో సూది వద్దనే వీలు లేదు. చూపు మసకబారుతోందని చెప్పినా వినే చెవి లేదు. ఈమధ్య ఆర్థికవేత్తలు లెక్కతీస్తే, వలసకాలంలో ఈ బృందాలు ఎక్కువసార్లు తిరిగిన ప్రాంతాల్లో ఈనాటికీ రక్తపరీక్షకి ఒప్పుకోనివాళ్ళు ఎక్కువని తేలింది. మూడు తరాలు దాటాయి. మనం వాళ్ళని 'అవగాహన లేనివాళ్ళు' అని రిపోర్టులో రాస్తాం.

అల్జీరియాలో డాక్టరుగా ఉన్న ఫ్రాంట్జ్ ఫానన్ ఇంకో అడుగు ముందుకెళ్ళాడు. ఫ్రెంచి డాక్టరు ఇచ్చిన మందు మింగని అదే రైతు, స్వాతంత్ర్య పోరాటం మొదలై తమవాళ్ళే మందులు పంచడం మొదలెట్టాక, కాచిన నీళ్ళూ పెన్సిలినూ అన్నీ ఒప్పుకున్నాడని ఆయన గమనించాడు. మూఢనమ్మకం అనుకున్నది రాత్రికి రాత్రి ఎక్కడికి పోయింది? మందు మారలేదు, ఇచ్చే చెయ్యి మారింది.

నాకు ఇది పుస్తకంలో అర్థం కాలేదు, విశాఖ ఒడ్డున మత్స్యకారుల వాడ పెదజాలారిపేటలో అర్థమైంది. బోదకాలు క్రిములు రక్తంలోకి రాత్రిపూటే వస్తాయి కాబట్టి మా సర్వే రాత్రి తొమ్మిదింటికి మొదలయ్యేది. టార్చిలైటు, గాజు పలకలు, స్పిరిటు దూది పట్టుకుని తలుపులు తట్టేవాళ్ళం. "ఏటి డాట్రమ్మా, తెల్లారగట్ల ఏటకెల్లాల, ఇప్పుడు లేపి నెత్తురు పట్టుకుపోతే ఎలాగ?" అని ఒకాయన. ఆయన భార్య ఇంకా సూటిగా అడిగింది: "మీ ఇంట్లోవోల్లది తీసేరేటి?" నిజం చెప్పాలంటే తియ్యలేదు. అక్కడే అరుగు మీద కూర్చుని, ఆవిడ పట్టుకున్న టార్చి వెలుగులో నా వేలు నేనే గుచ్చుకుని పలక మీద మూడు చుక్కలు పెట్టాను. మా ల్యాబ్ టెక్నీషియన్ కూడా గుచ్చుకున్నాడు. ఆ వీధిలో ఆ రాత్రి అరవై పైనే పలకలు వచ్చాయి. మొహమాటానికి కొందరు ఇచ్చి ఉంటారు, ఒప్పుకుంటాను.

ఆ జబ్బుకి మనం పంచే డీఈసీ మాత్ర వెనక ఉన్నవాడు మన భీమవరం కుర్రాడు ఎల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వచ్చాడని దొర ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ ఇవ్వకుండా ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఆదుకుంటే అమెరికా వెళ్ళాడు. 1940ల చివర్లో ఆయన బృందం తెచ్చిన మందు ఇవాళ ఆఫ్రికాలో కూడా కొన్నిచోట్ల మింగుతున్నారు. దొర ప్రొఫెసర్ పేరు ఎవరికీ గుర్తులేదు.

ఇదంతా తెల్లవాళ్ళ పాపం అని వదిలెయ్యడానికి వీల్లేదు, అదే నేను మీ ఇద్దరికీ చెప్పాలనుకున్నది. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు గిరిజన బాలికలతో సహా దాదాపు పద్నాలుగు వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఉండే టీకా వేశారు. అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ, మన కేంద్ర వైద్య పరిశోధనా మండలి ఐసీఎంఆర్, అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకీ టీకాకీ సంబంధం లేదని విచారణలో తేలింది. కానీ ఆశ్రమ పాఠశాలల్లో చాలామంది పిల్లల తరఫున ఒప్పుదల పత్రాల మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తలంటింది. టీకా మంచిదే, నా మనవరాలికి వేయించమనే చెప్తాను. మా మనవరాలికైతే వాళ్ళమ్మ పది ప్రశ్నలు అడిగాకే వేయిస్తుంది. కొండ మీది పిల్ల తల్లిని ఎవరూ కొండ దింపి అడగలేదు. సంతకం పెట్టిన వార్డెన్ తెలుగువాడే, వేయించిన డాక్టరూ తెలుగువాడే. దొరతనం రంగులో లేదు.

మందు మంచిదా చెడ్డదా అనే దగ్గర ఈ వాదన ఎప్పటికీ తెగదు, ఎందుకంటే చాలాసార్లు మందు మంచిదే. నేను చూసేది ఒక్కటే: వద్దు అన్న మనిషికి ఏమవుతుంది? పూనాలో వద్దంటే సైనికుడు వచ్చాడు. బాఫియాలో వద్దనే వీలే లేదు. కేజీహెచ్‌లో ఇవాళ రోగి సంతకం చేసి లేచి వెళ్ళిపోవచ్చు, మనం విసుక్కుంటాం, అంతే. కానీ ఓపీలో "నువ్వు డాక్టరువా నేను డాక్టర్నా" అని పేషెంటు మీద ఎగిరే మనవాళ్ళని నువ్వు రోజూ చూస్తూనే ఉంటావు.

ఇప్పటి సంస్థల గురించి కూడా చెప్పాలి కదా. నైజీరియా నుంచి బయాఫ్రా విడిపోదామన్నప్పుడు వచ్చిన యుద్ధం, ఆకలిచావులు చూసిన ఫ్రెంచి డాక్టర్లు, రెడ్‌క్రాస్‌లాగా నోరుమూసుకుని ఉండలేం అని 1971 డిసెంబరులో మరికొందరితో కలిసి సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ పెట్టారు. 1999లో వాళ్ళకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాళ్ళ కోపం న్యాయమైనదే. 1935లో ఇటలీ ఇథియోపియా మీద విషవాయువు వదిలితే రెడ్‌క్రాస్ పెద్దలు బయటికి గట్టిగా అనలేదు, ఆ మచ్చ పోలేదు. అలా నోరు విప్పిన సంస్థ లోపల కూడా 2020లో వెయ్యిమంది దాకా ఉద్యోగులు, మాజీ ఉద్యోగులు ఉత్తరం రాశారు, ఇక్కడ జాతి వివక్ష ఉంది అని. పనిచేసేవాళ్ళలో తొంభై శాతం ఆ దేశాలవాళ్ళే, నిర్ణయాలేమో యూరప్ ఆఫీసుల్లో.

నేను పనిచేసింది వేరే సంస్థలో, పేరెందుకులే. అక్కడ పిల్లలు తెల్లవాళ్ళని పిలిచే మాటతోనే నన్నూ పిలిచేవారు. మొదట నవ్వొచ్చేది. ఒకరాత్రి రేడియోలో కబురు వచ్చింది, తిరుగుబాటుదార్లు దగ్గరికొచ్చారు, అంతర్జాతీయ సిబ్బంది తెల్లారేసరికి బయల్దేరాలి అని. అంతర్జాతీయ సిబ్బంది అంటే ఐదుగురం, అందులో నేనొకర్తిని. నాతో సమానంగా చదివిన, నాకంటే బాగా ఆపరేషన్లు చేసే అక్కడి డాక్టరు 'స్థానిక సిబ్బంది'. ఆయన జీతం నా జీతంలో ఏడో వంతు. ఫార్మసీ తాళంచెవులు ఆయన చేతిలో పెట్టి ల్యాండ్ క్రూజర్ ఎక్కాను. ఆయన ఏమీ అనలేదు, లెక్కపుస్తకం మీద సంతకం చెయ్యమన్నాడు, అప్పగించినట్టు. చేశాను. పదకొండు రోజులకి తిరిగొస్తే వార్డు నడుస్తూనే ఉంది. ఆ పిల్లల పిలుపుకి మళ్ళీ నవ్వలేదు.

మరి వెళ్ళాలా వద్దా అంటావు. వెళ్ళు. పాలింపబడినవాళ్ళు కూడా వైద్యసాయం చేసిన చరిత్ర మనకుంది, దాన్ని ఎవరికీ ధారపొయ్యక్కర్లేదు. 1906లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో తిరగబడ్డ జులూల్ని తెల్ల సైన్యం కొరడాలతో కొడితే, ఆ పుళ్ళు కడగడానికి తెల్ల నర్సులు ముందుకు రాలేదు. గాంధీగారూ, ఆయనతో ఉన్న ఇరవై పైచిలుకు భారతీయులూ కడిగారు. ఆయన అప్పుడు ఆ సైన్యంలోనే సార్జెంట్ మేజర్ హోదాలో ఉన్నాడు, అదీ మర్చిపోవద్దు. 1938లో మనమింకా దొరల కిందే ఉండగా, జపాన్ దాడిలో ఉన్న చైనాకి కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లని పంపింది. వాళ్ళలో ఒకడైన కోట్నిస్ అక్కడే ఉండిపోయి, చైనా అమ్మాయిని పెళ్ళి చేసుకుని, 1942 డిసెంబరులో ముప్పై రెండేళ్ళకే పోయాడు. ఆయన వాళ్ళ భాష నేర్చుకున్నాడు. నువ్వు కూడా ముందు భాష నేర్చుకో. దుబాసీ మీద ఆధారపడితే నీ వెనక ఏమనుకుంటున్నారో నీకెప్పటికీ తెలియదు.

ఒక పని చెయ్యి. ఆఫ్రికాకి ముందు పాడేరు వైపు ఆరు నెలలు పనిచెయ్యి. నా మొదటి పోస్టింగులో జూన్‌లో ఇళ్ళలో దోమల మందు డీడీటీ కొట్టించేవాళ్ళం. ఒక ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు వద్దన్నారు. రిజిస్టర్లో 'నిరాకరించారు' అని రాసి పంపితే పై ఆఫీసు నుంచి ఫోను: అలా రాస్తే మనకి మాట వస్తుంది, 'ఇల్లు తాళం' అని మార్చండి. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి తాళమే లేదు. మార్చకుండా వెళ్ళి కనుక్కుంటే కారణం చిన్నది. వానలు పడుతున్నాయి, విత్తనపు గింజలు ఇంట్లో గాదెల్లో ఉన్నాయి, బయట పెడితే తడుస్తాయి, లోపల ఉంచితే మందు పడుతుంది. మరుసటేడు మే నెలలోనే కొట్టించాం. ఒక్కరు వద్దనలేదు. 'ఇల్లు తాళం' అని రాసి ఉంటే ఇది నాకెప్పటికీ తెలిసేది కాదు.

ఆ అలవాటుతోనే, ఆఫ్రికా సంస్థ ఇంటర్వ్యూలో చివర్న "మీరేమైనా అడగాలా?" అంటే, మీ క్యాంపుల్లో వైద్యం వద్దన్నవాళ్ళ లెక్క ఏ ఫారంలో రాస్తారు అని అడిగాను. అవతలాయన కాసేపు కాగితాలు తిరగేసి, అలాంటి కాలమ్ మా దగ్గర లేదండీ అన్నాడు. అయినా చేరాను. రెండేళ్ళూ నా సొంత నోటుబుక్కులో రాసుకున్నాను, పేరు, ఊరు, ఎందుకు వద్దన్నారో ఒక ముక్క. ఆ ముసలాయన అందులో పదిహేడోవాడు. నువ్వు వెళ్ళేముందు ఒకసారి లాసన్స్ బేకి వస్తే ఆ నోటుబుక్కు ఇస్తాను. ఇంకా సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి.